కార్వర్ బెండ్ పది డాలర్లు

ఇంకా అరవై ఉన్నాయి. వేలం వేసే సన్నటి మనిషి ఐదు వందల యాభై నాలుగో నంబరు పాత నోటును ఇప్పుడే సుత్తి కొట్టి ఎవరికో ఇచ్చేశాడు. ఆర్డిస్‌కి కావలసింది ఆరు వందల పద్నాలుగు, నిమిషానికొకటి చొప్పున పోయినా గంట పడుతుంది, ఇరవై నాలుగేళ్ళు పోస్టాఫీసు కౌంటరు వెనక నిలబడిన మనిషికి గంటసేపు కూర్చోవడం ఒక లెక్కా అనుకుంది కానీ, ఒళ్ళో పెట్టుకున్న నంబరు అట్ట అంచు అప్పుడే అరచేతి చెమటకి మెత్తబడిపోయింది. నూట ఎనిమిది. గేలన్ పేరు మీద ఇచ్చిన నంబరు. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి గేలన్ హోవ్‌లాండ్ గారు మీరేనా అని నవ్వుతూ అడిగితే, ఆయన తుంటి విరిగి డబ్యూక్ ఆసుపత్రిలో ఉన్నాడు, నేను ఆయన చెయ్యిని, ఇవాళ్టికి అంతే, అని చెప్పింది. ఎందుకలా అందో తనకే తెలియదు. చెయ్యి అంటే చెయ్యే మరి, ఎత్తమన్నప్పుడు ఎత్తాలి, దించమన్నప్పుడు దించాలి. తొమ్మిది వేలు దాటొద్దు ఆర్డిస్, అన్నాడు గేలన్ నిన్న, మంచం మీద దిండు సర్దుకుంటూ. ఒకసారి చెప్పాడు, ఆమె కోటు వేసుకుంటుంటే రెండోసారి చెప్పాడు, రెండుసార్లూ కిటికీ వైపు చూస్తూనే.

షికాగో విమానాశ్రయం పక్కనున్న ఈ హోటల్లో పెళ్ళిళ్ళు చేసుకునే హాలు కాబోలు ఇది. పైన గాజు దీపాలు, కింద పువ్వుల తివాచీ, మధ్యలో డెబ్బై ఎనభై మంది ముసలివాళ్ళు, అందరూ మగవాళ్ళే, అందరి మెడల్లోనూ దారానికి వేలాడుతున్న భూతద్దాలే. ఒక్కడి మొహంలోనూ తొందర లేదు. గేలన్ మొహం కూడా ఇలాగే ఉంటుంది ఆ పాత నోట్ల పుస్తకం తెరిచినప్పుడు. గ్యాసు లారీ తోలే మనిషి, రోజంతా పొలాల మధ్య ఇళ్ళకి గ్యాసు నింపి వచ్చి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు మాత్రమే పుస్తకం ముట్టుకునేవాడు. అన్నం బల్ల దగ్గర చెయ్యి కడుక్కోకుండా కూర్చునే మనిషి! బతికున్న డబ్బు వైపు చూడవు గానీ చచ్చిపోయిన డబ్బుకి భూతద్దం పెట్టుకుంటావు, అని ఆమె ఎన్నిసార్లు అందో. చచ్చిపోలేదే, నిద్రపోతోంది, అనేవాడు. ఆ జవాబు మొదట్లో నవ్వు తెప్పించింది, తర్వాత చిరాకు, ఆ తర్వాత గోడ గడియారం చప్పుడులాగా వినిపించడం మానేసింది. ఆసుపత్రికి తీసుకెళ్ళిన రాత్రి నుంచి మాత్రం ఇంట్లో ఆ మాట లేని లోటు తెలుస్తోంది. ఏడు వారాలు. మార్చి మంచులో పేపరు తెచ్చుకోవడానికి గేటు దాకా వెళ్ళి జారిపడ్డాడు, పడ్డవాడు పేపరు మాత్రం తడవకుండా చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. అంబులెన్సు వాళ్ళొచ్చేదాకా అలాగే.

అతనికి పిచ్చి మొదలైంది ఒక్క మాటతో. పక్క జిల్లాలో ఒక రైతు ఇంట్లో గ్యాసు నింపుతుంటే, ఆ ఇంటాయన, మీ కార్వర్ బెండ్‌కి ఒకప్పుడు సొంత నోట్లుండేవి తెలుసా అన్నాడట. సొంత బ్యాంకు, ఆ బ్యాంకు పేరుతో నోట్లు, నోటు మధ్యలో పెద్ద అక్షరాల్లో ఊరి పేరు. గేలన్ నమ్మలేదు. మూడు వందల మంది కూడా లేని ఊరు, పెట్రోలు బంకు కూడా మూతపడిన ఊరు, దానికి సొంత డబ్బా? వాషింగ్టన్‌కి ఉత్తరం రాశాడు, జవాబు వచ్చింది. నిజమే. వెయ్యీ ఎనిమిది వందల ఎనభై మూడు నుంచి పదకొండేళ్ళు నడిచిందట ఆ బ్యాంకు. రైలు దారి అవతలి ఊరికి పోయాక బ్యాంకూ పోయింది. నోట్లన్నీ ప్రభుత్వం వెనక్కి తీసుకుని కాల్చేసింది, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ నెబ్రాస్కాలో ఎవరింట్లోనో పాత గడియారం వెనక దొరికి, చేతులు మారి మారి మిస్సోరీలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర చేరింది. తొంభై ఆరులో ఇద్దరూ కారులో ఏడు గంటలు వెళ్ళారు, ఊరికే చూడటానికి. ఊరికే చూడటానికా అని ఆమె దారంతా సణిగింది. డాక్టరు గారి ముందు గదిలో గేలన్ ఆ కాగితాన్ని పట్టుకుని కూర్చుంటే ఆర్డిస్ వంటింట్లో డాక్టరు భార్యతో చెర్రీల నిల్వ పచ్చడి గురించి మాట్లాడింది. పచ్చడి ఎలా పెట్టాలో ఇప్పటికీ గుర్తుంది. ముందు గదిలోకి మాత్రం వెళ్ళలేదు. తిరుగు దారిలో గేలన్, మన ఊరి పేరు చుట్టూ తీగలు చెక్కారు ఆర్డిస్, ద్రాక్ష తీగల్లాగా, అన్నాడు. ఆమె, ముందు లారీ ఉంది చూసుకో, అంది.

ఐదు వందల డెబ్బై ఒకటి. పెద్దది, ఎర్ర ముద్రల నోటు, ముందు వరసలో ఆకుపచ్చ కోటు ఆయన నలభై వేలు పెట్టి కొన్నాడు, కొని బిస్కట్టు తీసి నమిలాడు. ఆమెకి నవ్వొచ్చింది. పొద్దున ఎనిమిదింటికి ఇక్కడికి చేరగానే చూపించే గదిలోకి వెళ్ళి, ఆరు వందల పద్నాలుగు ఇవ్వండి అని అడిగింది. ప్లాస్టిక్ తొడుగులో పెట్టి ఇచ్చారు. చేతిలోకి తీసుకున్నాక తెలిసింది, ఇరవై ఏడేళ్ళ కిందట పక్క గదిలో ఉన్న దాన్ని ఇప్పుడు చూస్తోందని. ఎడమవైపు గాలిపటం ఎగరేస్తున్న ముసలాయన బొమ్మ. వెనకవైపంతా గోధుమ రంగు. మధ్యలో కార్వర్ బెండ్, నిజంగానే తీగల మధ్య, ఏదో మహానగరం పేరు చెక్కినంత శ్రద్ధగా. గేలన్ చెప్పనిది ఒకటి ఉంది, బహుశా అతనికి కనిపించి ఉండదు. అడుగున కుడివైపు ప్రెసిడెంటు సంతకం గర్వంగా ఉంది, ఎడమవైపు క్యాషియరు సంతకం మాత్రం మొదటి రెండక్షరాలు నిటారుగా నిలబడి, తర్వాతవి కూలబడిపోయాయి. ఎన్ని వందల నోట్ల మీద పెట్టాడో ఆ పూట, ఆ మనిషి మణికట్టు ఎంత లాగిందో! ఆ బాధ ఆమెకి తెలుసు. క్రిస్మస్ ముందు వారం కార్డుల మీద ముద్ర కొట్టీ కొట్టీ సాయంత్రానికి తన చెయ్యీ అలాగే కూలబడేది, చివరి కార్డుల మీద కార్వర్ బెండ్‌లో బెండ్ సగమే పడేది. ఎవరో గదమాయించినట్టు నోటుని చటుక్కున తిరిగిచ్చేసి బయటికొచ్చింది. బయట కారిడార్లో మంచినీళ్ళు తాగింది. అప్పుడే అనుకుందేమో. లేదు, అంతకుముందే, టోల్ గేటు దగ్గర చిల్లర వెతుక్కుంటుంటే అనుకుంది. వంటింటి నేల మార్పించడానికి దాచిన ఆరు వేలున్నాయి కదా అని. తొమ్మిదీ ఆరూ పదిహేను. నేల ఇంకో పదేళ్ళు ఆగుతుంది. ఆ మాట గేలన్‌కి చెప్పలేదు, చెబితే వద్దంటాడు, వద్దన్నాక చేస్తే గొడవ, చెప్పకుండా చేస్తే మహా అయితే అలక.

ముద్ర. ఆ చెక్క పిడి ముద్ర ఎంత నల్లగా, నున్నగా ఉండేదో చేతిలో. పోస్టాఫీసు మూసేస్తున్నామని కాగితం వచ్చినప్పుడు ఊళ్ళో సభ పెట్టారు, పై నుంచి ఒక కుర్రాఫీసరు వచ్చి ఉత్తరాలు ఎక్కడికీ పోవు, చిరునామాలో పక్క ఊరి పేరు రాసుకోవాలి అంతే అన్నాడు. అంతే. ఆఖరి రోజు మధ్యాహ్నం నుంచి వీధి చివరిదాకా వరస కట్టారు జనం, ఎవరికి ఉత్తరం రాయాలో తెలియక తమకే రాసుకున్న కవర్లతో. అందరికీ ముద్ర కొట్టింది. ఐదింటికి తలుపు వేసి, ముద్రని పెట్టెలో పెట్టి సీలు వేసే ముందు, ఏం తోచిందో, తన మణికట్టు లోపలి వైపు ఒకటి కొట్టుకుంది. కార్వర్ బెండ్, అయోవా, తేదీ. ఇంటికొచ్చి స్వెట్టరు చెయ్యి కిందికి లాక్కుంది. గేలన్ చూశాడు. ఆ రాత్రి భోజనాలయ్యాక, నువ్వు కూర్చో, గిన్నెలు నేను కడుగుతా అన్నాడు. మర్నాడూ కడిగాడు. ఆ మర్నాడూ. పన్నెండు రోజులు కడిగాడు, సిరా దానంతటది వెలిసిపోయేదాకా, రెండు గ్లాసులు పగలగొట్టాడు కూడా. ఆమె ఒక్కసారీ థాంక్సు చెప్పలేదు. ఎందుకు కడుగుతున్నావని అడగనూ లేదు. అడిగితే ఇద్దరిలో ఒకరు ఏడ్చేవాళ్ళు, ఎవరో చెప్పడం కష్టం.

పక్క కుర్చీ కిర్రుమంది. ఆరిన్ స్లేటర్. ఎనభై దాటిన నోట్ల వ్యాపారి, గేలన్‌కి ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు, ఇంటికొస్తే ఆమె చేసిన ఆపిల్ పై మొత్తం తినేసి, ఇంకా పచ్చిగా ఉందని వంక పెట్టే మనిషి. తుంటి ఎలా ఉందని అడిగాడు, చేతికర్రతో పది అడుగులు వేస్తున్నాడని చెప్పింది. ఎంతదాకా వెళ్ళమన్నాడని అడిగాడు, ఆమె మాట దాటేసింది, ఇద్దరూ వేలం పాటలు వింటూ కూర్చున్నారు. తర్వాత ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పాడు.

"ఒకటి చెప్తా, కంగారుపడకు అమ్మాయ్. డిమాయిన్‌లో ఒకాయన తేలాడు ఈ మధ్య. ట్రాక్టర్ల కంపెనీ డబ్బు. అయోవాలో ఒక్కో ఊరి నోటూ ఒక్కొక్కటి కొనుక్కుంటూ పోతున్నాడు. ఇక్కడికి రాడు, ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో పాడతాడు."

"కొని ఏం చేసుకుంటాడట?"

"బ్యాంకు లాకర్లో పెట్టుకుంటాడు. ఇంకేం చేసుకుంటాడు?"

లాకర్లో. మళ్ళీ చీకట్లోకి, తీగలతో సహా. ఆమె అట్టని రెండు చేతులతో పట్టుకుంది. అది పోతే గేలన్ ఏమీ అనడు, అదే కష్టం. పోతే పోయిందిలే అంటాడు, నర్సుతో జోకు వేస్తాడు, ఆ తర్వాత పది అడుగులు కాస్తా ఎనిమిదవుతాయి. డెబ్బై నాలుగేళ్ళ మనిషి మళ్ళీ ఇరవై ఏడేళ్ళు ఎక్కడ ఆగుతాడు. అనుకుంటూ అనుకుంటూనే, ఇదంతా గేలన్ కోసమేనా అని తన లోపల ఎవరో అడిగారు. కాదు. ఊరి పేరు ఉన్న కవర్లు ఇక పుట్టవు. రోడ్డు పక్క ఊరి పేరున్న పచ్చ బోర్డుని కూడా పోయిన వేసవిలో ఎవడో లారీతో గుద్దాడు, ఇంకా నిలబెట్టలేదు. నాకు కావాలి, అనుకుంది ఆర్డిస్, డెబ్బై ఏళ్ళకి దగ్గర పడిన మనిషి, చిన్నపిల్లలాగా, నాకే కావాలి. ఇన్నేళ్ళూ వెక్కిరించినదాన్ని ఇవాళ చెంపల్లో వేడి పుట్టేంతగా కావాలనుకోవడం సిగ్గుగానూ ఉంది, బాగానూ ఉంది.

ఆరు వందల పద్నాలుగు, అన్నాడు సన్నటి మనిషి, కార్వర్ బెండ్, అయోవా, తెలిసినంతలో ఇదొక్కటే. ఆ హాల్లో ఆ పేరు మైకులో పలికిన తీరు వింటూ ఉండిపోయి, మొదటి పాట ఎవరిదో కూడా ఆమె గమనించలేదు. మూడు వేలు, నాలుగు, ఐదు. వెంటనే ఎత్తకు, జనం పలచబడనీ అని గేలన్ చెప్పాడు, ఆగింది, ఆరు వేల దగ్గర ఎత్తింది. ఆకుపచ్చ కోటాయన ఆరున్నర. ఆమె ఏడు. ఆయన ఏడున్నర, ఆమె ఎనిమిది. ఆయన ఎనిమిదిన్నర అన్నాడు. తర్వాతి తొమ్మిది ఆమెదే. తొమ్మిది వేలు, నూట ఎనిమిదో నంబరు అమ్మగారు, అన్నాడు మైకు మనిషి, గేలన్ చెప్పిన గీత మీద నిలబడి ఉంది ఆమె. ఆకుపచ్చ కోటాయన బిస్కట్టు కాగితం మడుచుకుంటూ ఆలోచించి, తొమ్మిదిన్నర అన్నాడు. ఆమె అట్ట దించనే లేదు. పది వేలు. గీత దాటడం నదిలోకి దిగినట్టు చల్లగా, హాయిగా ఉంది. ఆకుపచ్చ కోటాయన వెనక్కి తిరిగి ఆమెని చూసి, తలూపి, అట్ట బోర్లించేశాడు. పది వేలు ఒకటోసారి. పది వేలు రెండోసారి. అయిపోయింది గేలన్, మన ఇంటికొచ్చేస్తోంది, అని ఆమె అనుకునేలోపల, పక్క బల్ల మీద కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తింది. ఇంటర్నెట్‌లో పదిన్నర.

ఆరిన్ గొంతు సవరించుకున్నాడు, అంతే. ట్రాక్టర్ల ఆయన. పదకొండు, ఎత్తింది ఆర్డిస్. ఒకటోసారి, రెండోసారి, అమ్మాయి చెయ్యి. పదకొండున్నర. మొహం లేని మనిషి, ఎక్కడో మెత్తటి కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ, మీట నొక్కుతున్నాడు. వాడికి ఊరంటే ఏమిటి, వాడు ఎప్పుడైనా వరదకి ఇసుక బస్తాలు మోశాడా, వాడికి పచ్చ బోర్డు ఎవడు గుద్దాడో తెలుసా. పన్నెండు. జీవితంలో ఎవరినీ ఇంతగా ద్వేషించలేదు, పోస్టాఫీసు మూయడానికొచ్చిన కుర్రాఫీసరుని కూడా. ఒకటోసారి, రెండోసారి, అమ్మాయి చెయ్యి, పన్నెండున్నర. హాలంతా తలలు తిప్పి చూస్తోంది. పదమూడు, అంది నోటితోనే, అట్ట సంగతి మర్చిపోయి. ఈసారి మైకు మనిషి రెండోసారి అన్నాక చాలాసేపు ఆగాడు, సుత్తి ఎత్తాడు కూడా. అప్పుడు వచ్చింది. పదమూడున్నర. మైకు మనిషి నవ్వుతూ, మీ ఇద్దరూ బయట కలుసుకుని తేల్చుకోవచ్చు అమ్మగారూ, ఆయనా మీ అయోవా ఆయనే, అన్నాడు. జనం నవ్వారు. ఆరిన్ తలూపాడు, చెప్పానా అన్నట్టు. ఆమెకి ఇంకా పదిహేను దాకా ఉంది. అట్ట సగం లేచింది.

సగంలో ఆగింది. డబ్బున్నవాడు ఇలా పాడడు. ట్రాక్టర్ల డబ్బు ఉన్నవాడు ఒక్క గెంతు గెంతి ఇరవై అంటాడు. ఇది భయం భయంగా పాడుతున్న పాట, సుత్తి లేచేదాకా ఊపిరి బిగబట్టి, అయ్యో అనుకుని, ఇంకొక్కటి, ఇంకొక్కటి అని గీత చెరిపి గీసుకుంటున్న మనిషి పాట. పది దాకా ఎక్కడా లేడు. తొమ్మిది తర్వాత, ఆమె ఆగిపోయిందని ఎవరైనా అనుకునే చోటు తర్వాత వచ్చాడు. పోయిన వారం గేలన్ ఇంటినుంచి ఏమేం తెమ్మన్నాడు? కళ్ళజోడు, ఊలు మేజోళ్ళు, తోలు పర్సు. పర్సు ఎందుకయ్యా ఆసుపత్రిలో అంటే, జేబు బోసిగా ఉంది అన్నాడు. జేబు లేని ఆసుపత్రి గౌను వేసుకుని. పర్సులో ఉండేది బ్యాంకు కార్డు. రెండుసార్లూ కిటికీ వైపు చూస్తూ చెప్పాడు, తొమ్మిది దాటొద్దని. కంప్యూటరంటే దూరం జరిగే మనిషి, అబ్బే, అతనికి చేతనవుతుందా? కానీ ట్రాక్టర్ల ఆయనే అయితే? ఒక్కసారి చెయ్యి దించితే అది లాకర్లోకి పోతుంది, ఇక అయిపోయింది. ఫోను చేసి అడుగుదామంటే హాల్లో ఫోన్లు ఆపేయమన్నారు, సంచిలో అడుగున ఉంది, తెరుచుకునేసరికి సుత్తి పడిపోతుంది. పదమూడున్నర ఒకటోసారి. అమ్మగారూ? నలభై ఆరేళ్ళ కాపురం, ఈ మనిషి ఏం చేస్తాడో తెలుసా తెలియదా అని ఇంత నేరుగా ఎవరూ ఎప్పుడూ ఆమెని అడగలేదు. రెండోసారి. ఆరిన్ మోచేత్తో పొడిచాడు, "ఎత్తు అమ్మాయ్, ఇంకొక్కటి ఎత్తు." ఆర్డిస్ అట్టని ఒళ్ళో బోర్లా పెట్టి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుంది. మూడోసారి. సుత్తి చప్పుడు ఆమె అనుకున్నంత పెద్దగా లేదు.

కారిడార్లోకి ఎలా నడిచొచ్చిందో తెలియదు. ఫోను వెలగడానికి ఇంతసేపు పడుతుందా. తప్పు లెక్క వేసి ఉంటే ఏం చెప్పాలి, నువ్వనుకున్నాను అని చెప్పాలా, నేను పిచ్చిదాన్ని అని చెప్పాలా. ఫోను వెలిగింది. ఆసుపత్రి నంబరు నుంచి నాలుగు పిలుపులు, నాలుగూ సుత్తి పడ్డాకే. ఐదోది చేతిలోనే మోగింది.

"ఆర్డిస్, కోప్పడకు. ముందు కోప్పడనని చెప్పు."

గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. చెప్పు వింటున్నా, అంది. అతను గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పక్క మంచం బోయ్డ్ గారు, లెక్కల మాస్టారుగా పని చేసి రిటైరయ్యాడు, ఆయన ట్యాబ్లెట్టు, ఆయనే నేర్పాడు, వారం రోజులు పట్టింది, నీకు చెప్తే వద్దంటావని చెప్పలేదు, తీరా నువ్వు తొమ్మిది దగ్గర ఆగిపోతే ఊరికే చూస్తూ ఉండలేననిపించింది, పడవ అమ్మేస్తాలే, ఈ తుంటితో పడవెక్కేదెవరు. పదమూడున్నర అయింది. ఆమె మనసులో అంకెలు తమంతట తామే వరసగా నిలబడ్డాయి, పది వేలకి సుత్తి పడబోయిందనీ, ఆ పైన పెరిగిందంతా తామిద్దరే పెంచుకున్నారనీ. నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు మాట మీద నిలబడే మనిషివి, తొమ్మిదికి ఆగుతావని నాకు తెలుసు," అన్నాడు గేలన్. "కానీ ఆ హాల్లో ఎవరో, ఆర్డిస్, వదలనే లేదు. నేను అన్నప్పుడల్లా వెంటనే పైన వేశారు. ఎవరో చూశావా?"

"చూశాను."

"ట్రాక్టర్ల వాడి మనిషా?"

"కాదు. ఒకావిడ. మన నది వైపు మనిషే అనుకుంటా."

హాలు తలుపులోంచి తర్వాతి నోటు పాట సన్నగా వినిపిస్తోంది. ఎవరో కాఫీ బండి తోసుకుంటూ ఆమె పక్కనుంచి వెళ్ళారు.

"పాపం," అన్నాడు గేలన్, గెలిచిన గొంతు తగ్గించుకుని. "ఎంత కావాలనిపించి ఉంటుందో. అంతదాకా వచ్చి వదులుకోవడమంటే... ఎలా ఉంది ఆవిడ, చివర్లో?"

"బాగానే ఉంది," అంది ఆర్డిస్. "చాలా బాగుంది గేలన్."